బత్తాయి తొక్క గోడతో పది రోజులు

మా ఇంట్లో కింద గెస్ట్ బాత్‌రూం షవర్ కట్టేసినా చుక్క చుక్క కారేది. అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చి అప్పటికి రెండు వారాలు. నాన్న రోజూ రాత్రి దాని కింద బకెట్ పెట్టి, పొద్దున్నే ఆ నీళ్ళు పెరట్లో కరివేపాకు మొక్కకి పోసేవాడు. బకెట్ నిండటం చూసి చూసి చివరికి ప్లంబర్‌ని పిలిచాను. వాల్వ్ మొత్తం మార్చాలి, టైల్స్ పగలకొట్టడం ఇష్టం లేకపోతే గోడని అవతలి వైపు నుంచి కోస్తానన్నాడు. అవతలి వైపంటే మా డైనింగ్ గది. సరే అన్నాను. గంటన్నరలో వాల్వ్ మారింది, చుక్క ఆగింది, డైనింగ్ గోడకి నడుమెత్తున అన్నం పళ్ళెం అంత కన్నం మిగిలింది. "మరి దీన్నెవరు మూస్తారు?" అని అడిగితే, "అది మా పని కాదు, డ్రైవాల్ వాళ్ళని పిలవండి" అని బిల్లు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

పిలిచాను. ఫోటో చూసి ఒకతను 450 డాలర్లు అన్నాడు. ఇంకొకతను ఇంత చిన్న పనికి రానన్నాడు. పళ్ళెమంత కన్నానికి 450 ఏంటి, నేనే వేసేసుకుంటా అనుకున్నాను. ఆ 450లో కన్నం మూసినందుకు ఎంతో, మూసిన సంగతి కనపడకుండా చేసినందుకు ఎంతో అప్పటికి నాకు తెలీదు.

ఆ సాయంత్రం నాన్న కన్నం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపలికి టార్చి వేశాడు. మూడున్నర అంగుళాల ఖాళీ, అందులో రాగి పైపులు, పక్కన ఒక చెక్క నిట్టాడు. అంతే. వేలి కణుపుతో గోడ మీద కొట్టి చూశాడు. డబడబమంది. "ఏమ్మా, ఇంత డబ్బు పోసి కొన్న ఇంటికి గోడలే లేవా? నాటకానికి కట్టిన సెట్టింగులా ఉందే" అన్నాడు. తెనాలిలో మాది తొమ్మిదంగుళాల ఇటుక గోడ. క్యాలెండర్‌కి మేకు కొట్టాలన్నా పక్కింటి నుంచి డ్రిల్లు తేవాల్సిందే.

మేముండేది టెక్సస్‌లో, డల్లస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. ఇల్లు 2004లో కట్టింది. ఇక్కడి ఇళ్ళన్నీ దాదాపు ఇంతే. 16 అంగుళాలకొక నిట్టాడు చొప్పున చెక్క చట్రం నిలబెట్టి, దానికి రెండు వైపులా అర అంగుళం మందం జిప్సం పలకలు మరలతో బిగిస్తారు. రెండు కాగితాల మధ్య జిప్సం నింపిన పలక అది, డ్రైవాల్ అంటే ఇదే. పలకకీ పలకకీ మధ్య అతుకుల మీద టేపు అంటించి, పైన తెల్లటి ముద్ద పూస్తారు. ఆ ముద్దని ఇక్కడ మడ్ అంటారు. మన లప్పం అనుకోండి. నాన్నకి అలా చెప్పగానే అర్థమైపోయింది. "లప్పమైతే మనకి తెలిసిందే కదా" అన్నాడు. ఆ ధైర్యం మీదే నేనూ దిగాను.

కన్నం మూయడం నిజంగానే పెద్ద కష్టం కాలేదు. ప్లంబర్ వంకరటింకరగా కోసిన దాన్ని ముందు నలుచదరంగా సరిచేసుకోవాలి. లోపల వైరు, పైపు ఎక్కడున్నాయో చూసుకుని చిన్న రంపంతో 13 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు వచ్చేలా కోశాను. లోపల రెండు చెక్క బద్దలు నిలువుగా పెట్టి, పైనా కిందా పాత గోడలోంచి మరలు దించి బిగించాను. హోం డిపోలో రెండడుగులకి రెండడుగుల పలక విడిగా అమ్ముతారు. దాన్ని కత్తితో గీసి, విరిచి, కన్నంలో కూర్చోబెట్టి ఆ బద్దలకి బిగించాను. మర తల కాగితంలోకి కొంచెం దిగాలి, కాగితం మాత్రం చిరగకూడదు. చిరిగితే ఆ మరకి పట్టుండదు. రెండు చోట్ల చిరిగింది, పక్కన ఇంకో మర వేశాను.

ఇక మడ్. ఇందులో రెండు రకాలున్నాయి. బకెట్లో కలిపి వచ్చేది నీరు ఆవిరై ఆరుతుంది, ఒక్కో పూతకి ఒక రోజు పడుతుంది. సంచీలో పొడిగా వచ్చేది నీళ్ళు పోశాక తనంతట తనే గట్టిపడుతుంది, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ లాగా. దాన్ని హాట్ మడ్ అంటారు. సంచీ మీద 20 అనో 45 అనో అంకె ఉంటుంది, అన్ని నిమిషాల్లో బిగుస్తుందని. జాలీ టేపు వాడితే మొదటి పూత ఈ హాట్ మడ్‌తోనే వేయాలి, లేకపోతే అతుకు బీటలిస్తుంది. నేను 20 అంకె సంచీ తెచ్చి, తొందరలో సగం సంచీ ఒకేసారి కలిపేశాను. అతుకుల మీద టేపు అంటించి వచ్చేసరికి డబ్బా చేతికి వెచ్చగా తగిలింది. ఇంకో రెండు సార్లు గోడకి పూశానో లేదో, మూడోసారి మడ్ పూసే కత్తి డబ్బాలో దిగలేదు. నాన్న కత్తి పట్టుకుని లాగితే డబ్బా మొత్తం లేచొచ్చింది. "ఇడ్లీపిండి రుబ్బినట్టు ఇంటిల్లిపాదికీ కలిపావేంటమ్మా" అని ఒకటే నవ్వు. ఆ కత్తి ఇప్పటికీ మా గరాజ్‌లో ఆ రాయిలోనే ఉంది.

రెండో పూతా, మూడో పూతా బకెట్ మడ్‌తో. మొదట ఆరంగుళాల కత్తి, తర్వాత పది, చివర పన్నెండు. ప్రతి పూతా ముందు దానికంటే వెడల్పుగా లాగాలి. ఎందుకంటే అతుకు దగ్గర టేపు వల్ల సన్నటి ఉబ్బు వస్తుంది. దాన్ని అరగదీసి పోగొట్టలేం, చుట్టూ మడ్‌ని మెల్లగా పలచన చేస్తూ కంటికి తెలియనంత వాలులోకి దించాలి. ఇది శ్రద్ధగానే చేశాను. తడి స్పాంజ్‌తో తుడుస్తూ నున్న చేశాను, పొడి ఎమరీ పేపర్‌తో రుద్దితే ఇల్లంతా పిండిమిల్లు అయిపోతుందని. అరచేత్తో తడిమితే అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు.

అప్పుడు వెనక్కి జరిగి చూశాను. 13 అంగుళాల కన్నం పోయి మూడడుగుల బోడిగుండు వచ్చింది.

మా గోడలు నున్నగా ఉండవు. దగ్గరికెళ్ళి చూస్తే సన్నటి పొక్కులు. దీన్ని ఆరెంజ్ పీల్ అంటారు. నాన్న మాత్రం మొదటి రోజే "బత్తాయి తొక్కలా ఉంది" అన్నాడు, అదే సరైన పోలిక అని నాకనిపిస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు గోడలన్నింటికీ కంప్రెసర్‌తో పలచటి మడ్ చిమ్ముతారు. అందం కోసమేనా అంటే నేను నమ్మను. గోడని అద్దంలా నున్నగా తేవాలంటే మొత్తం గోడకి ఇంకో పలచటి పూత లాగాలి. ఇక్కడ గోడ పనికి సున్నా నుంచి ఐదు దాకా స్థాయిలున్నాయి, అది ఐదోది, అన్నిటికంటే ఖరీదైనది. పొక్కులు చల్లితే అతుకులూ, చెయ్యి తప్పిన చోట్లూ అన్నీ వాటిలో కలిసిపోతాయి. బిల్డర్ తప్పులు దాచిన ఆ పొక్కులే ఇప్పుడు నా మూడడుగుల నున్నదనాన్ని అందరికీ పట్టిస్తున్నాయి.

అంటే నేను నింపాల్సింది కన్నం చోటు ఒక్కటే కాదు. కన్నం చుట్టూ నా చేత్తోనే పూసిన మడ్ పాత పొక్కుల మధ్య సందులన్నీ నింపేసింది. లోపల పూర్తిగా బోడి, దాని చుట్టూ సగం మునిగిన పొక్కులు, ఆ తర్వాత పాత గోడ. అతుకు కనపడకుండా ఉండేదీ, కనపడి చచ్చేదీ ఆ మధ్య పట్టీలోనే. ఈ ముక్క నాకు మొదటి స్ప్రే డబ్బా తగలేశాక గానీ తట్టలేదు.

ఈ పొక్కులు కొట్టడానికి స్ప్రే డబ్బాలు దొరుకుతాయి, నేను కొన్నప్పుడు ఒక్కోటి 20 డాలర్ల లోపే. మూతి దగ్గర చిన్న చక్రం ఉంటుంది. సన్నం, మధ్యస్తం, లావు అని తిప్పుకోవచ్చు. నేను డబ్బా ఊపి, చక్రం మధ్యలో పెట్టి, జానెడు దూరం నుంచి కొత్త పలక మీద మాత్రమే కొట్టాను. బుస్సుమని వచ్చింది. పొక్కులు కావవి, అట్లపిండి చిందినట్టు పెద్ద పెద్ద మరకలు, కొన్ని కిందికి జారుతున్నాయి కూడా. పైగా పలక ఎంతుందో అంతమేరా గీత గీసినట్టు ఆగిపోయింది. గోడకి ఫోటో ఫ్రేము కట్టినట్టుంది. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "పాత చీరకి కొత్త అతుకేశావేంటే" అంది.

ఒక్క అదృష్టం, అది నీళ్ళతో పోయే రకం. ఆరకముందే వెడల్పు కత్తితో గీకేసి తడి స్పాంజ్‌తో తుడిచేస్తే మళ్ళీ బోడిగుండే. నూనె రకం డబ్బాలు కూడా ఉంటాయి. అవి తుడుచుకోవడం కష్టం, వాసన కూడా ఘాటు. మొదటిసారి చేసేవాళ్ళు నీళ్ళ రకమే తీసుకోండి.

మర్నాడు అట్టపెట్టెలు చించి గరాజ్‌లో గోడకి ఆనించాను. ప్రతి ముక్క మీదా పెన్సిల్‌తో రాశాను: ఎంత దూరం, చక్రం ఎక్కడ, చెయ్యి ఎంత వేగం. ఒకటిన్నర అడుగు నుంచి కొడితే ఇంకా లావే. రెండున్నర అడుగుల నుంచి, చక్రం సన్నం వైపు కొంచెం తిప్పి, చెయ్యి ఎక్కడా ఆపకుండా కదిలిస్తూ కొడితే మా గోడకి దగ్గరగా వచ్చింది. నొక్కు మొదలుపెట్టేదీ వదిలేదీ గోడ బయటే ఉండాలి. గోడ మీద నొక్కితే మొదటి ఉమ్ము లావుగా పడుతుంది. డబ్బా చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు పెట్టమని దాని మీదే రాసి ఉంది. పెడితే పొక్కులు సమంగా పడ్డాయి. వేడినీళ్ళ జోలికి మాత్రం పోకూడదు, లోపల ప్రెషర్ ఉంటుంది.

అయినా అట్టముక్క గోడ పక్కన పెడితే తేడా తెలుస్తూనే ఉంది. కొత్త పొక్కు కొనదేలి ఉంది, పాతది గుండ్రంగా ఉంది. అరగంట దాని గురించే జుట్టు పీక్కున్నాను. నాన్న గరాజ్ అల్మారాలోంచి ఒక ముక్క తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. ప్లంబర్ కోసి పారేసిన గోడ ముక్క, అరచెయ్యంత. నేను చెత్తలో వేసేశాననుకున్నా. నాన్న దేన్నీ పారేయనివ్వడు. ఇంట్లో ఖాళీ హార్లిక్స్ సీసాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ముక్క అంచు వెలుతురులో పెట్టి చూస్తే రంగు ఒక పొర కాదు, మూడు నాలుగు పొరలు. దేని మీద దేన్ని వేశారో సన్నటి గీతల్లా కనిపిస్తున్నాయి. పాత పొక్కులు అంత గుండ్రంగా ఉన్నది అందుకే. ఇరవై ఏళ్ళుగా వేసిన రంగులు వాటిని మొద్దుబార్చాయి. నేను రంగు లేని పొక్కుని రంగు తిన్న పొక్కుతో పోలుస్తున్నాను!

నాకు ఎక్కడా ఎవరూ చెప్పని సంగతి ఇదే. అట్టముక్కల మీద కూడా ప్రైమర్, రెండు పూతల రంగు వేసి, ఆరాక అప్పుడు గోడ పక్కన పెట్టి చూడాలి. చూస్తే, నేను సరిగ్గా ఉందనుకున్నది రంగు వేశాక పలచగా తేలిపోయింది. దానికంటే ఒక్క పిసరు లావుగా కొట్టిన ముక్క రంగేశాక అచ్చం మా గోడే. గరాజ్‌లో రంగులు ఆరేదాకా ఒక రోజంతా పోయింది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి ఆ అట్టముక్కలన్నీ చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

రెండోసారి గోడకి కొట్టినప్పుడు బయటి నుంచి లోపలికి వచ్చాను. ముందు ఆ సగం మునిగిన పట్టీ మీద పలచగా ఒక తెర, పాత గోడ మీదికి కూడా నాలుగంగుళాలు పొగలా వెళ్ళనిచ్చాను. తర్వాత బోడి భాగం. ఒకేసారి నింపేయాలని చూడకుండా పలచగా కొట్టి, పది నిమిషాలాగి, ఖాళీగా కనిపించిన చోట మళ్ళీ పలచగా. తక్కువైతే ఇంకోసారి కొట్టొచ్చు, ఎక్కువైతే గీకడమే. చివర బయటి అంచు వెంట పిండిన తడి స్పాంజ్‌తో అద్దినట్టు తట్టాను, అక్కడి పొక్కులు కొంచెం అణిగి పాతవాటిలో కలిసేలా. ఇక్కడే చెయ్యి వణికింది నాకు. గట్టిగా తుడిస్తే మళ్ళీ బోడి చార వస్తుంది.

మధ్యాహ్నం రెండింటికి పని అయింది. ఎదురుగా నిలబడి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. ఫోటో తీసి చెల్లికి కూడా పంపాను.

సాయంత్రం ఆరున్నరకి పడమటి తలుపులోంచి ఎండ గోడ మీద అడ్డంగా పడింది. ప్రతి పొక్కుకీ ఒక నీడ. ఆ నీడల మధ్య ఎడమ వైపు కింద, చెయ్యంత మేర నీడలే లేవు. అక్కడ పొక్కులు పడలేదు. పైన ఇంకో చోట మడ్ కొంచెం ఉబ్బెత్తుగా ఉన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. నేను తల పట్టుకుంటే నాన్న తాపీగా అన్నాడు: "మన ఇంటికి లప్పం పెట్టినప్పుడు పెయింటర్ వైరు లాగి బల్బు గోడకి ఆనించి పట్టుకునేవాడమ్మా. ఎదురుగా చూస్తే అన్ని గోడలూ బాగానే ఉంటాయండీ అనేవాడు."

"ఆ ముక్క పొద్దున చెప్పొచ్చుగా నాన్నా!"

"నువ్వు అడగలేదుగా."

రాత్రి గదిలో లైట్లన్నీ ఆపేసి, పని లైటుని గోడకి ఆనించి, నాన్న పట్టుకుంటే నేను దిద్దాను. ఉబ్బు మీద పొక్కులు గీకి, తడి స్పాంజ్‌తో దించి, ఆరాక మూడో డబ్బాతో ఆ రెండు చోట్లే పలచగా కొట్టాను. నాన్న లైటుని ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కింది నుంచి మార్చి మార్చి పట్టేవాడు. "ఇక్కడ తక్కువ, ఇక్కడ చాలు, ఆగు ఆగు." ఆయనకి డ్రైవాల్ తెలీదు, ఆ స్ప్రే డబ్బా పేరు కూడా పలకడు. కానీ గోడ చూడటం తెలుసు.

రంగు సంగతి త్వరగా చెప్పేస్తాను. మడ్ రంగుని పీల్చేస్తుంది, అందుకని ముందు ప్రైమర్ తప్పనిసరి. లేకపోతే రంగు ఒకటే అయినా ఆ మేర మసకగా, చుట్టూ మెరుపుగా కనిపిస్తుంది. గరాజ్‌లో ఉన్న పాత డబ్బా మూత తీస్తే పైన పెరుగు తోడుకున్నట్టుంది, కంపు. మళ్ళీ ఆ ప్లంబర్ ముక్కే ఆదుకుంది. దాన్ని షాపుకి తీసుకెళ్తే మిషన్‌లో పెట్టి చూసి అదే రంగు కలిపిచ్చారు. అదే రంగంటే అదే కాదు, పాత గోడ వెలిసింది కాబట్టి ఒక్క వెంట్రుక తేడా. అతుకు వరకే వేస్తే కనపడేది. ఆ మూల నుంచి ఈ మూల దాకా గోడంతా వేశాను, అర అంగుళం బొచ్చు రోలర్‌తో. పొట్టి బొచ్చు రోలరైతే పొక్కుల సందుల్లోకి రంగు దిగదు. ఇంత గోడా వేయాలని ముందే తెలిసుంటే రంగు తేడా గురించి అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

మొత్తం లెక్క చూస్తే 150 డాలర్లు దాటలేదు, పది రోజులు పట్టింది. ఆ 450 అడిగినతను ఎక్కువ అడిగాడని ఇప్పుడు అనను. మా పక్క వీధిలో వాళ్ళింట్లో సీలింగ్‌కి నాక్‌డౌన్ అని ఇంకో రకం ఉంది. లావు పొక్కులు కొట్టి, తడి మెరుపు పోయేదాకా ఆగి, వెడల్పు కత్తితో పైపైన అణుస్తారు. నా పని చూసి వాళ్ళు సాయం రమ్మన్నారు. తల పైకెత్తి చేసే పని, పైగా కత్తి ఎప్పుడు పెట్టాలో నిమిషాల లెక్క. రానని చెప్పేశాను. 1980కి ముందు కట్టిన ఇళ్ళలో సీలింగ్ మీద పాప్‌కార్న్ లాంటి పూత ఉంటే మాత్రం అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ నార ఉందేమో ముందు పరీక్ష చేయించకుండా ఎవరూ గీకొద్దు.

దీపావళికి నాలుగు కుటుంబాల వాళ్ళు వచ్చారు. డైనింగ్ గదిలోనే భోజనాలు. గోడ సంగతి ఎవరికీ పట్టలేదు. అమ్మ గుమ్మంలో పెట్టగా మిగిలిన ప్రమిదలు తెచ్చి, సరిగ్గా ఆ గోడకి ఆనుకుని ఉన్న బల్ల మీద వరసగా పెట్టి వెలిగించింది. నాన్నా నేనూ ఒకేసారి లేచాం. కింది నుంచి వెలుతురు పాకుతూ పైకి పోతోంది. కుడి వైపు పై అంచు దగ్గర రెండు వేళ్ళ మేర, పొక్కులు కాస్త పలచగా ఉన్నాయి.

"గాలికి ఆరిపోతాయేమోనే, ఇవి ఆ కిటికీ దగ్గర పెడదాం" అన్నాడు నాన్న అమ్మతో. ఇంట్లో గాలెక్కడుందని అమ్మ అడుగుతూనే ఉంది, ఆయన అప్పటికే రెండు ప్రమిదలు చేతుల్లోకి తీసుకున్నాడు.